తత్యానా ఏ ఊరి అమ్మాయి?

మాస్కోలో అచ్చయి మన పుస్తకాల దుకాణాలకు చౌకగా చేరిన తెలుగు అనువాదాలు చదివి పెరిగిన తరానికి కొన్ని పేర్లు చుట్టాల పేర్లంత దగ్గర. నటాషా, సెర్గేయ్, మాక్సిమ్, తాన్యా. మంచు, సమోవార్, బొచ్చు టోపీ ఎంత రష్యావో ఈ పేర్లూ అంత రష్యావేనని మన మనసులో పడిపోయింది. తమాషా ఏమిటంటే ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా స్లావ్ మాటల్లోంచి పుట్టలేదు. నాలుగూ లాటిన్ పేర్లే. నటాషా అసలు రూపం నటాలియా. పుట్టుకకు, అందులోనూ క్రీస్తు పుట్టిన రోజుకు, లాటిన్‌లో వాడే మాటలోంచి వచ్చింది. మాక్సిమ్ అంటే అందరిలోకీ పెద్దవాడు. సెర్గేయ్ ఒక రోమన్ వంశం పేరు. ఇక తాన్యా. ఆమె పూర్తి పేరు తత్యానా. ఈ వేళ ఆ ఒక్క పేరునే పట్టుకుని, అది రోమ్ నుంచి రష్యాకు ఎలా నడిచిందో చూద్దాం. నా వాదం ముందే చెప్పేస్తాను. తత్యానాను రోమన్ పేరు అనడానికి నిఘంటువు సరిపోతుంది గానీ, ఆమెను స్లావులు ఎందుకు సొంతం చేసుకున్నారో తెలియాలంటే నిఘంటువు పక్కన పెట్టి పంచాంగాన్నీ, పనిమనుషుల గదినీ, ఒక కవి చిత్తుప్రతినీ చూడాలి.

ముందు పుట్టుక సంగతి. రోమ్ కొత్తగా వెలసిన రోజుల గురించి చెప్పుకునే కథల్లో, ఊళ్ళో ఆడవాళ్ళు లేరని రోములుస్ మనుషులు పొరుగున ఉన్న సబైనుల ఆడపిల్లల్ని ఎత్తుకుపోతారు. యుద్ధం వస్తుంది. చివరికి ఆ పిల్లలే కత్తుల మధ్యకు వచ్చి తండ్రులకూ భర్తలకూ రాజీ కుదురుస్తారు. ఆ రాజీ మీద రోములుస్‌తో కలిసి రోమ్‌ను ఏలిన సబైను రాజు పేరు తీతుస్ తాతియుస్. ఇందులో చరిత్ర ఎంతో పురాణం ఎంతో విడదీయడం కష్టం. పురాణం పాలే ఎక్కువ. తాతియుస్ అనే వంశనామం మాత్రం కల్పన కాదు. దానికి లాటిన్ వాళ్ళు ‘ఆనుస్’ అనే తోక తగిలిస్తే తాతియానుస్ అవుతుంది. మన శుభలేఖల్లో ఇంటిపేరు పక్కన ‘వారి’ అని రాస్తామే, ఇంచుమించు అదే పని ఆ తోక చేస్తుంది. తాతియానా అంటే తాతియుస్ వారి అమ్మాయి అన్నమాట. మరి తాతియుస్‌కు అర్థం ఏమిటి? కచ్చితమైన జవాబు లేదు. రోములో చంటిపిల్లలు నాన్నను ‘తాతా’ అని పిలిచేవారు కనుక దాంట్లోంచి వచ్చిందని ఒక ఊహ ఉంది. ఈ మాట వినగానే తెలుగువాడి చెవులు నిక్కబొడుచుకుంటాయి. తొందరపడొద్దు. పళ్ళు రాని నోటికి మొదట పట్టుబడే శబ్దాలు లోకమంతటా అవే కాబట్టి అమ్మా, బాబా, తాతా లాంటి మాటలు సంబంధం లేని భాషల్లో కూడా పుడుతూనే ఉంటాయి. ఉక్రెయిన్‌లో నాన్నను ‘తాతో’ అంటారు, పోలండ్‌లో ‘తాతా’ అంటారు. ఆ మాటా, తత్యానా పేరూ ఒకే పిల్లాడి నోట్లో పక్కపక్కనే ఉన్నా ఒకదాన్నొకటి ఎరగవు.

ఇక్కడే మొదటి అభ్యంతరం ఎదురవుతుంది. రష్యాలో అమ్మే పేర్ల పుస్తకాలు చాలా వాటిలో తత్యానా గ్రీకు పేరనీ, సర్దిపెట్టడం అనే అర్థమిచ్చే గ్రీకు క్రియ నుంచి పుట్టిందనీ, అందుకే ఆ పేరున్న ఆడపిల్లలు ఇల్లు దిద్దుకునేవాళ్ళనీ రాసి ఉంటుంది. చివరి మాట జ్యోతిషం, దాన్ని వదిలేద్దాం. మొదటి మాటకు జవాబు ఆ పేరు చివర్లోనే ఉంది. ‘ఇయానా’ అనేది లాటిన్ పద్ధతి. ఆ గ్రీకు క్రియలోంచి ఆ తోక మొలవదు. దీనికన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఇవాళ టర్కీగా పిలిచే నేల మీద, ముఖ్యంగా ఫ్రిజియా ప్రాంతంలో, పాత శిలాశాసనాల్లో తాతా, తాతియా లాంటి ఆడపేర్లు కుప్పలుగా దొరుకుతాయి. అవి రోమ్ నుంచి వచ్చినవి కావు. అక్కడి జనం ఇళ్ళలో పుట్టిన ముద్దుపేర్లు. అలాంటప్పుడు తూర్పున కనిపించే ప్రతి తాతియానాకూ సబైను రాజును తాతగా అంటగట్టడం న్యాయమా? న్యాయం కాదని ఒప్పుకోవాలి. రోమన్ రాజ్యంలో స్థానిక ముద్దుపేరుకు లాటిన్ తోక తగిలించుకుని పెద్దమనిషి పేరు చేసుకున్న కుటుంబాలు ఉండి ఉండవచ్చు. అయితే ఆ తోక తగిలించుకోవాలనే ముచ్చట పుట్టించింది రోమ్ ఏలుబడే. వేరు ఒకచోటే ఉందని తేల్చలేకపోతే నా వాదానికి నష్టం లేదు, లాభమే. వేరును బట్టి ఒక పేరు ఎవరిదో చెప్పడం ఎంత కష్టమో దీన్నిబట్టే తెలుస్తోంది కదా.

పేరును బతికించింది రాజు కాదు, ఒక క్రైస్తవ అమరురాలు. అలెగ్జాండర్ సెవెరుస్ చక్రవర్తి కాలంలో, అంటే 222కూ 235కూ మధ్య, తాతియానా అనే యువతి రోములో విశ్వాసం కోసం ప్రాణం ఇచ్చిందని చర్చి చెబుతుంది. ఆమె కథ, మార్తీనా, ప్రిస్కా అనే మరో ఇద్దరు రోమన్ అమరురాళ్ళ కథలతో ఎంత దగ్గరగా పోలి ఉంటుందంటే, ఒకే కథనానికి పేర్లు మార్చి రాశారని పండితులు అనుమానించారు. అనుమానం నిజమే అనుకుందాం. అయినా జరగవలసింది జరిగింది. రోము వాళ్ళు మార్తీనాను తలకెత్తుకున్నారు. ఆమె పేర అక్కడ పెద్ద చర్చి ఉంది. తాతియానా మీద మక్కువ చూపింది గ్రీకు చర్చి. కాన్‌స్టాంటినోపుల్ వారి పంచాంగంలో జనవరి 12 ఆమె రోజు. 988లో కీవ్ రాజు వ్లాదీమిర్ బాప్తిస్మం పుచ్చుకున్నప్పుడు రూస్ దేశానికి విగ్రహాల బదులు పటాలు వచ్చినట్టే, పాత పేర్ల బదులు ఈ పంచాంగం వచ్చింది. రోజుకు కొందరు పవిత్రుల చొప్పున ఏడాది పొడవునా పేర్లు. ఏ రోజు దగ్గర బిడ్డ పుడితే ఆ రోజు పేరు పెట్టడం ఆనవాయితీ. అందులో ఏది హీబ్రూ, ఏది గ్రీకు, ఏది లాటిన్ అని పురోహితుడూ చూడలేదు, తల్లీ అడగలేదు. అన్నీ దేవుడి దగ్గర్నుంచి గ్రీకు పడవలో వచ్చినవే.

ఈ ప్రయాణానికి రాతపూర్వకమైన సాక్ష్యం కన్నా నోటి సాక్ష్యం నాకు ఎక్కువ నచ్చుతుంది. చర్చి పుస్తకంలో ఆమె ‘తతియానా’, నాలుగు అక్షరాలూ విడివిడిగా. జనం నోట ‘తత్యానా’. మరియా ‘మార్యా’ అయినట్టు, నటాలియా ‘నటాల్యా’ అయినట్టు, సోఫియా ‘సోఫ్యా’ అయినట్టు. ఇది ఒక ఇంట్లో ఏళ్ళ తరబడి వాడిన గిన్నె అంచు అరగడం లాంటిది. పేరు ఎంత వాడుకలో ఉందో ఆ అరుగుదలే చెబుతుంది. ఉక్రెయిన్ వాళ్ళ నోట మొదటి అచ్చు మారి ‘తెత్యానా’ అయింది. సెర్బియాలో, బల్గేరియాలో ఇంచుమించు రష్యన్ రూపమే. పోలండ్‌కు వెళితే కథ మారుతుంది. 966లో ఆ దేశం పుచ్చుకున్నది గ్రీకు బాప్తిస్మం కాదు, లాటిన్ బాప్తిస్మం. చర్చి లాటిన్‌లో అచ్చుకు ముందున్న ‘తి’ని ‘త్సి’ అని పలుకుతారు. మనం ‘చాప’, ‘చలి’ అన్నప్పుడు పలికే దంత్య చకారం ఉందే, సరిగ్గా ఆ ధ్వని. అందుకే పోలిష్ సంప్రదాయ రూపంలో పేరు మధ్యలో ఆ దంత్య చకారం వినిపిస్తుంది. మరి క్రొయేషియా, స్లొవేనియా? అవీ లాటిన్ చర్చి దేశాలే. అక్కడా ఆ ధ్వని వినిపించాలి. మామూలుగా వినిపించదు, అక్కడి ఆడపిల్ల ‘తత్యానా’యే. అంటే అక్కడికి ఆ పేరు రోము పురోహితుడి ద్వారా కాక, ఎక్కువగా తర్వాతి కాలంలో రష్యన్ పుస్తకాల ద్వారా చేరిందని ఊహించవచ్చు. రోమ్‌కు అంత పక్కనే ఉన్న దేశం ఒక రోమన్ పేరును మాస్కో వైపు నుంచి తెచ్చుకోవడం కన్నా నా వాదానికి ఇంకేం కావాలి?

రష్యాలో ఆ పేరు అంతస్తు ఎక్కుతూ దిగుతూ వచ్చింది. పదిహేడో శతాబ్దంలో అది రాజభవనంలో ఉంది. జారు మిహాయిల్ కూతురు, 1636లో పుట్టిన రాకుమారి పేరు తత్యానా. పీటర్ చక్రవర్తి తర్వాత దొరల ఇళ్ళలో ఫ్రెంచి మోజు మొదలయ్యేసరికి పంచాంగంలోని పేర్లు రెండు కుప్పలయ్యాయి. కొన్ని దివాణంలో మిగిలాయి, చాలా మటుకు పల్లెకు పోయాయి. పల్లెకు పోయిన పేర్లలో ఎన్ని రోమన్ పేర్లో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. నీరో చక్రవర్తి తల్లి అగ్రిప్పీనా. ఆ పేరే రష్యన్ పల్లెలో ‘అగ్రఫేనా’ అయి పేడ ఎత్తింది. న్యాయం అనే మాటలోంచి వచ్చిన యుస్తీనా ‘ఉస్తీన్యా’ అయి కుండ మోసింది. రోమన్ సైన్యం జెండా మీది గద్దను లాటిన్‌లో ‘అక్విలా’ అంటారు. దాంట్లోంచి పుట్టిన అక్విలీనా ‘అకులీనా’ అయి దొరసాని జడ అల్లింది. లాటిన్ వేరుకే గౌరవం ఉంటే వీళ్ళంతా పైమెట్టు మీద ఉండాలి. ఎవరికీ ఆ వేరు సంగతి తెలియదు కాబట్టి గౌరవం ప్రసక్తే రాలేదు. మనకిది కొత్త కాదు. నెల్లూరు సీమలో కసుమూరు దర్గాకు మొక్కుకుని పిల్లకు మస్తానమ్మ అని పేరు పెట్టుకున్న తల్లికి ‘మస్తాన్’ పారశీక పదమని చెబితే, అయితే ఏమిటి అంటుంది. ఆ పేరు ఆమెకు దర్గా ఇచ్చింది, పారశీకం కాదు.

1823లో పూష్కిన్ ‘యెవ్గేనీ ఒనేగిన్’ రెండో అధ్యాయం రాస్తున్నాడు. పద్యంలో నవల. నాయిక పేరు చిత్తుప్రతిలో మొదట నటాషా అని పెట్టుకున్నాడు. తర్వాత కొట్టేసి తత్యానా అని రాశాడు. ఒక లాటిన్ పేరు తీసి ఇంకో లాటిన్ పేరు పెట్టాడన్నమాట, అది తనకు తట్టకుండానే. తట్టలేదని ఎందుకు అంటున్నానంటే, ఆ పేరు దగ్గర ఆయనే ఒక వివరణ చేర్చి, చెవికింపైన గ్రీకు పేర్లు మన దగ్గర మామూలు జనంలోనే మిగిలిపోయాయని విచారించాడు. తత్యానాను ఆ గ్రీకు గుంపులోనే వేశాడు. పద్యంలో అయితే, ఇలాంటి పేరుతో నవల పేజీలను పావనం చేస్తున్నది తానే మొదటివాడినని కొంచెం కొంటెగా చెప్పుకుని, ఆ పేరు వింటే పాతకాలమో పనిపిల్లల గదో గుర్తొస్తుందని ఒప్పుకున్నాడు. నవల మొత్తం 1833లో ఒకే పుస్తకంగా వచ్చేసరికి పరిస్థితి తలకిందులైంది. పెద్దగా మాట్లాడని పల్లెటూరి పిల్లగా మొదలై, తానే ముందు ప్రేమలేఖ రాసి, చివరికి పీటర్స్‌బర్గ్ దర్బారులో తలెత్తి నిలబడిన నాయిక పేరది. ఆమె చెల్లెలు ఓల్గా. ఆ పేరు స్కాండినేవియా నుంచి వచ్చింది. అక్క పేరు రోమ్‌ది, చెల్లెలి పేరు ఉత్తర సముద్రాలది. రష్యన్ సాహిత్యంలో ఇంతకన్నా రష్యన్ అక్కచెల్లెళ్ళు లేరు. ఆఖరి జారు నికొలస్ తన మొదటి ఇద్దరు కూతుళ్ళకు, 1895లో ఒకరికీ 1897లో ఒకరికీ, పెట్టినవి ఈ రెండు పేర్లే.

ఒక పుస్తకం ఒక పేరును పైకి లాగిందంటే నమ్మడం సులువు, రుజువు చేయడం కష్టం. పోల్చి చూడటానికి ఇంకో పేరు కావాలి: అదే లాటిన్ వేరు, అదే దారి, అదే పంచాంగం, కానీ ఆ అదృష్టం మాత్రం దక్కనిది. మన అకులీనా ఉంది కదా. ఆమె కూడా పూష్కిన్ చేతిలో పడింది. ‘ఒనేగిన్’లోనే, తత్యానా తల్లి కుర్రతనపు మోజులో తన పనిపిల్లను సెలీనా అని నాజూకుగా పిలిచి, పెళ్ళయి పల్లె సంసారంలో పడ్డాక మళ్ళీ ‘అకుల్కా’ అనేస్తుంది. 1830లో రాసిన ‘దొరసాని రైతుపిల్ల’ అనే కథలో, జమీందారు కూతురు లీజా పక్క ఎస్టేటు అబ్బాయిని చూడటానికి కమ్మరి కూతురి వేషం వేసుకుని చెప్పిన దొంగపేరు అకులీనా. అంటే తత్యానాకు ఆయన మనసు ఇచ్చాడు, అకులీనాకు వేషం ఇచ్చాడు. వేషం తీసేస్తే లోపలున్నది లీజా. ఆ తర్వాత తత్యానా ఊళ్ళేలింది, అకులీనా పల్లెలోనే ముసలిదైంది. దీనికి ఎవరైనా, అకులీనా ఓడిపోయింది పూష్కిన్ వల్ల కాదు, రష్యన్‌లో ‘అకులా’ అంటే సొరచేప కాబట్టి అనవచ్చు. మంచి అభ్యంతరమే, పేరు చెవికి ఎలా తగులుతుందన్నది చిన్న విషయం కాదు. కానీ అగ్రఫేనాలో ఏ సొరచేపా లేదు, ఉస్తీన్యాలోనూ లేదు. వాళ్ళూ పల్లె దాటలేదు.

ఇంకొకరు ఇంకో దిక్కు నుంచి వస్తారు. పూష్కిన్‌కు ఎందుకింత పెద్దపీట, ఆ పేరును నిలబెట్టింది మాస్కో విశ్వవిద్యాలయం కాదా అని. నిజమే, 1755 జనవరి 12న ఎలిజవెతా మహారాణి విశ్వవిద్యాలయం స్థాపన ఉత్తర్వు మీద సంతకం పెట్టింది. దాన్ని తయారు చేసిన ఇవాన్ షువాలోవ్ తల్లి పేరు తత్యానా. తల్లి నామదినం నాడే సంతకం చేయించి ఆమెకు కానుక ఇచ్చాడని చెప్పుకుంటారు. దాంతో తత్యానా విద్యార్థుల పవిత్రురాలైంది. పంతొమ్మిదో శతాబ్దం చివరికి ఆ పండుగ రోజున మాస్కోలో ప్రొఫెసర్లూ విద్యార్థులూ ఒకే బల్ల దగ్గర ఎంత తాగేవారంటే, 1889లో టాల్‌స్టాయ్ వాళ్ళను దులిపేస్తూ వ్యాసమే రాశాడు. పాత పంచాంగానికీ కొత్తదానికీ తేడా పద్దెనిమిదో శతాబ్దంలో 11 రోజులు, తర్వాత 12, ఇప్పుడు 13. కాబట్టి ఆ పండుగ ఇప్పుడు జనవరి 25కు జరిగింది, 2005లో ఆ తేదీకి రష్యా విద్యార్థి దినంగా ప్రభుత్వ ముద్ర కూడా పడింది. ఇదంతా పేరును ఏటా ఒకసారి చెవిన వేసింది, కాదనను. కానీ 1755 నుంచి 1823 దాకా, దాదాపు 70 ఏళ్ళు, విశ్వవిద్యాలయం ఉంది, పవిత్రురాలు ఉంది, పండుగ తేదీ ఉంది; అయినా పూష్కిన్‌కు ఆ పేరు వింటే పనిపిల్లల గదే గుర్తొచ్చింది. పండుగ పేరును గుర్తు చేయగలదు, దానికి కొత్త ముఖం ఇవ్వలేదు.

గట్టి పరీక్ష విప్లవం తర్వాత వచ్చింది. బిడ్డ పేరు నమోదు పురోహితుడి చేతిలోంచి ప్రభుత్వ గుమాస్తా బల్ల మీదికి మారింది. పంచాంగం బలవంతం పోయింది. తత్యానా కేవలం చర్చి మోసుకొచ్చిన పేరైతే చర్చితోపాటే వెనక్కి తగ్గాలి. జరిగింది వేరు. 1950ల నుంచి 70ల దాకా సోవియట్ ఆడపిల్లల పేర్లలో ముందు వరసలో ఉన్నది అదే. ఎందుకు? ఒక కారణం బడి అని నా ఊహ. 1937లో పూష్కిన్ నూరవ వర్ధంతిని సోవియట్ ప్రభుత్వం దేశమంతటా జరిపి పుస్తకాలను భారీ సంఖ్యలో అచ్చు వేసింది. తత్యానా రాసిన ఉత్తరాన్ని బడిలో కంఠతా పట్టిన తరం తల్లులయ్యే వేళకు ఆ పేరు నాలుక మీద ఉంది. రెండో కారణం యుద్ధం. 1941 నవంబరులో జర్మన్ల చేతికి చిక్కిన సోవియట్ గెరిల్లా జోయా కొస్మొదెమ్యాన్‌స్కయా తన అసలు పేరు చెప్పకుండా ‘తాన్యా’ అని చెప్పి ఉరికంబం ఎక్కింది. మరుసటి జనవరిలో ‘ప్రావ్దా’ పత్రిక ఆమె కథను ఆ మారుపేరునే శీర్షికగా పెట్టి వేసింది. ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాడ్‌లో తాన్యా సావిచెవా అనే చిన్నపిల్ల తన ఇంట్లో ఒక్కొక్కరి చావునూ చిన్న పుస్తకంలో తేదీ వేసి రాసుకుంది. తానూ 1944లో పోయింది. పొట్టి పేరు, పలకడానికి తేలిక, తండ్రి పేరు పక్కన బాగా అతుకుతుంది, ఫ్యాషన్‌కు ఇంకేం కారణం కావాలి అని ఎవరైనా అంటే, అవన్నీ కూడా పనిచేసే ఉంటాయి. కానీ పొట్టి పేర్లు, తేలిక పేర్లు ఎన్నో ఉన్నాయి. మారుపేరు చెప్పాల్సి వచ్చిన క్షణంలో ఒక పద్దెనిమిదేళ్ళ పిల్ల నోటికి వచ్చింది మాత్రం ఇది.

అక్కడి నుంచి పేరు పడమటికి తిరిగింది. రష్యన్లు ఇంట్లో పిలుచుకునే ‘తాన్యా’ జర్మనీలో 1960లూ 70లకు రికార్డుల్లో రాసే పూర్తి పేరైంది, ఫిన్లండ్‌లోనూ అంతే. ఇంట్లో పిలుపు ఏది, కాగితం మీద పేరు ఏది అన్న రష్యన్ పట్టింపు అక్కడివాళ్ళకు లేదు. 1974లో అమెరికాలో ఒక పత్రికాధిపతి మనవరాలు పాటీ హర్స్ట్, తనను ఎత్తుకుపోయిన విప్లవ ముఠాలోనే చేరిపోయి, ‘తానియా’ అని కొత్త పేరు పెట్టుకుంది. చే గువేరా దళంలో పనిచేసిన తానియా అనే యువతి పేరది. కత్తుల మధ్య నిలబడి రాజీ చేసిన సబైను ఆడపిల్లలు దీన్ని చూస్తే ఏమనుకునేవారో మరి. చివరికి ఇటలీకి కూడా చేరింది. సబైనుల కొండలు రోమ్ నుంచి ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ ఊళ్ళో ఇవాళ ఒక అమ్మాయి తన పేరు తత్యానా అని చెబితే, అవతలివాళ్ళు తాతియుస్ రాజును తలుచుకోరు. మీ అమ్మగారిది రష్యాలో ఏ ఊరని అడుగుతారు.